విజయవాడ రైల్వే యార్డులో చిన్న సరుకుకూ సామాన్యుడికీ చోటివ్వండి

విజయవాడ రైల్వే డివిజన్ అధికారులకు, దక్షిణ కోస్తా రైల్వే జోన్ బాధ్యులకు, నగర పాలక సంస్థ అధికారులకు, మా ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను విజయవాడ వన్‌టౌన్‌లో పప్పుధాన్యాలు, ఎండుమిర్చి, బెల్లం టోకున అమ్ముకునే చిన్న వ్యాపారిని. రైల్వే యార్డుకు కూతవేటు దూరంలో పుట్టి పెరిగాను. యార్డును మార్చేటప్పుడు చిన్న సరుకు ఎక్కించుకునే చోటు ఒకటి ఉంచాలని, పట్టాలకు అటూ ఇటూ ఉన్న పేటల మధ్య కాలినడక దారి వేయాలని కోరుతూ మా వీధి వ్యాపారులం, సరుకు ఎత్తి దించే ముఠా కార్మికులం కలిసి ఒక వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు. వెళ్లి అడిగితే ఫైలు పైకి పంపామన్నారు. పైన అడిగితే కింది నుంచి రాలేదన్నారు. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప మాకు వేరే దారి కనిపించలేదు.

రాత్రింబవళ్లు వందల రైళ్లను ఈ ఇరుకు ఊళ్లో నుంచి దాటించడం ఎంత కష్టమో యార్డు పక్కన బతికేవాళ్లకు తెలుసు. ఆ పని చేస్తున్న సిబ్బంది పట్ల మాకు గౌరవం ఉంది. నేను చెప్పదలచింది ఒక్కటే. నూట ముప్పై ఏళ్లకు పైబడిన ఈ యార్డు ఎన్నోసార్లు రూపు మార్చుకుంది. మారిన ప్రతిసారీ రైళ్ల వేగానికి, పెద్ద సరుకుకు మేలు జరిగింది. జరగాలి కూడా. కానీ పది బస్తాలు పంపుకునేవాడు, పది రూపాయల టికెట్టుతో ప్రయాణించేవాడు, యార్డు పక్కన కాపురం ఉండేవాడు ప్రతిసారీ కొంత బయటికి జరిగారు. రాబోయే మార్పులోనైనా వాళ్లను లెక్కలోకి తీసుకోవాలి.

అసలు ఈ యార్డు ఇక్కడ ఎందుకు పుట్టిందో గుర్తుచేస్తాను. బెజవాడకు రైలు రాకముందు సరుకు పడవల మీద వచ్చేది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా కాలువలు ఈ ఊరి నుంచే బయలుదేరాయి. ధాన్యం వాటి మీదే సాగిపోయేది. పడవలరేవు అన్న పేరు సత్యనారాయణపురం దాపున నేటికీ నిలిచి ఉంది. 1888లో సదరన్ మరాఠా రైల్వే మార్గం ఇక్కడ కలిసింది. 1889లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుంచి వచ్చి చేరింది. దానితో సింగరేణి బొగ్గు కోస్తాకు దిగిరావడానికి దారి దొరికింది. 1893 నుంచి 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఇక్కడి నుంచి కటక్ దాకా పట్టాలు పరిచింది. 1899లో మద్రాసుకు బ్రాడ్‌గేజి మార్గం పూర్తయింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య పట్టాలు కలిసిన తర్వాత ఢిల్లీ నుంచి మద్రాసు వెళ్లే రైళ్లకు కూడా బెజవాడే మజిలీ అయింది.

ఇన్ని మార్గాలు ఒక్కచోట కలవడం వల్ల వచ్చిన చిక్కు ఒకటుంది. కాజీపేట వైపు నుంచి వచ్చే లైను, విశాఖ వైపు వెళ్లే లైను రెండూ స్టేషనుకు ఒకే దిక్కున కలుస్తాయి. మద్రాసు లైను మాత్రం కృష్ణ దాటి దక్షిణంగా పోతుంది. అందుకే హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రైలు విజయవాడ చేరాక ఇంజన్ ఒక కొస నుంచి విప్పి రెండో కొసకు తగిలించుకుంటే తప్ప కదలదు. ప్రయాణికుల రైలుకే ఇంత పని ఉంటే, ఒక్కో వ్యాగన్ ఒక్కో ఊరికి పోయే గూడ్సు బండికి ఎంత పని ఉండేదో ఊహించవచ్చు. దానికి తోడు గుంటూరు, గుంతకల్లు వైపు, బందరు వైపు ఇరుకు పట్టాల మీటర్ గేజి, మిగిలిన వైపుల వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజి. రెండు గేజిల మధ్య సరుకు మారాలంటే ఒక పెట్టెలోంచి దించి మరో పెట్టెలోకి ఎక్కించాలి. ఆ పనిని యంత్రాలు చేయలేదు. మనుషులు చేశారు. వన్‌టౌన్‌లో ముఠా కార్మికుల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడటానికి ఈ యార్డు ఒక ముఖ్య కారణం.

మా నాన్నగారి కాలంలో వ్యాపారి ఒక్క వ్యాగన్ కూడా అడగగలిగేవాడు. వ్యాగన్ కావాలని ఇండెంటు రాసిచ్చి, వంతు వచ్చేదాకా ఎదురుచూసి, వ్యాగన్ వచ్చిన రోజు బస్తాలు నింపించేవారు. వ్యాగన్ నిండే సరుకు లేనివాడు స్మాల్స్ అనే చిన్న సరుకు పద్ధతి కింద నాలుగు బస్తాలైనా కట్టేవాడు. తలుపు మూసి, గడియకు తీగ చుట్టి, సీసపు సీలు నొక్కేవారు. వ్యాగన్ రెండు పక్కలా ఉన్న క్లిప్పులో అట్టముక్క పెట్టేవారు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఆ అట్టమీదే ఉండేది. యార్డులో పెట్టెలను అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజన్ బండిని వెనక్కి నెట్టేది. మధ్యలో నిలబడ్డ మనిషి పెట్టెలను కలిపే కప్లింగ్ విప్పి చేయి ఊపేవాడు. విడివడిన వ్యాగన్ తనంతట తాను దొర్లుకుంటూ తన లైనులోకి వెళ్లేది. పక్కనే ఒక పోర్టరు పరుగెత్తుతూ చేతిబ్రేకు పిడి మీద తన బరువంతా వేసి దాన్ని ఆపేవాడు. వానాకాలంలో, బురదలో, రాత్రి లాంతరు వెలుగులో ఆ పని చేసిన వాళ్లలో కాళ్లు చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను కోరడం లేదు. వ్యాగన్ల కొసల ఉండే బఫర్ల మధ్య మనిషి నలగకుండా సరుకు పోతున్నందుకు సంతోషమే.

ఆ పద్ధతి ఎందుకు పోయిందో కూడా న్యాయంగా చెప్పాలి. దారిలో ప్రతి పెద్ద యార్డులోనూ విడదీసి, మళ్లీ కలిపి, ఒక్కో వ్యాగన్ పరుగు తీసిన కాలం కంటే నిలబడిన కాలమే ఎక్కువగా ఉండేది. 1980ల నుంచి రైల్వే ఒక నిర్ణయానికి వచ్చింది. వాక్యూమ్ బ్రేకుల నాలుగు చక్రాల పాత వ్యాగన్ల స్థానంలో ఎయిర్ బ్రేకులున్న ఎనిమిది చక్రాల బాక్స్‌ఎన్ (పైకప్పు లేనివి), బీసీఎన్ (కప్పున్నవి) వ్యాగన్లు తెచ్చింది. బొగ్గో, సిమెంటో, ఎరువులో, బియ్యమో ఒకే సరుకు నింపిన పూర్తి గూడ్సు బండిని, అంటే రేకును, ఒకచోట మొదలుపెట్టి, నడుమ విడదీయకుండా గమ్యం చేర్చడం మొదలుపెట్టింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు అలాగే వస్తోంది. దేశానికి అది లాభించింది. యార్డుల్లో వ్యాగన్లను ఏరి కూర్చే పని మూలపడింది. ఆ స్థలాలు ఒకచోట ప్రయాణికుల పెట్టెలు నిలిపే లైన్లుగా, ఒకచోట ఇంజన్లకు, మరమ్మతులకు వాడుకలోకి వచ్చాయి. విజయవాడ, చెన్నైల మధ్య వందే భారత్ 2023 సెప్టెంబరులో మొదలైంది. అలాంటి రైళ్లకు కడిగే చోటు, నిలిపే చోటు కావాలి. కాదనను.

అయితే రేకు అంటే నలభైకి పైగా వ్యాగన్లు, సుమారు రెండున్నర వేల టన్నుల సరుకు. మా వీధిలో అంత సరుకు ఒకేసారి ఒకే ఊరికి పంపగల వ్యాపారి ఒక్కరూ లేరు. మా వీధులన్నీ కలిసినా పంపలేం. వ్యాగన్లను ఏరి కూర్చే యార్డు మూతపడిన రోజున చిన్న వ్యాపారికి రైలు తలుపు మూతపడింది. దాని బదులు ఏమీ రాలేదు. అక్కడి నుంచి మొదలైన కష్టాలు ఇవి.

1. చిన్న సరుకు పూర్తిగా లారీల పాలైంది. లారీల వాళ్లు మా శత్రువులు కారు. లారీల పనులు జరిగే ఆటోనగర్ ఈ నగరంలో ఎంతమందికి అన్నం పెట్టిందో తెలుసు. కానీ వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరానికి డీజిల్ ధర, టోల్ రుసుము కలిసి కిరాయిని పెంచితే, ఆ భారం పప్పు కొనే ఇల్లాలి మీద, మిర్చి అమ్మే రైతు మీద పడుతుంది. దీనికి సాక్ష్యం మన పక్కనే ఉంది. 2020 జులైలో గుంటూరు డివిజన్‌లోని రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్లింది. మన దేశం నుంచి సరిహద్దు దాటిన మొదటి పార్సిల్ రైలు అదేనని రైల్వేశాఖే ప్రకటించింది. పదహారు పార్సిల్ వ్యాన్లు, 384 టన్నులు. గూడ్సు రైలు కావాలంటే ఒక్కసారిగా 1,500 టన్నులకు తక్కువ కాకుండా సరుకు పోగేయాలి, అది రైతులకు, వ్యాపారులకు సాధ్యం కావడం లేదని తెలుసుకుని, రైల్వే అధికారులే వాళ్లను కలిసి మాట్లాడి, తక్కువ సరుకుతో నడిచే రైలు ఏర్పాటు చేశారు. టన్నుకు రైలు ఖర్చు 4,608 రూపాయలు. రోడ్డు మీద అయితే దాదాపు 7,000 రూపాయలు. లాక్‌డౌన్ రోజుల్లో, లారీలు కదలని కాలంలో, తలచుకుంటే సాధ్యమైన పని ఇది. గుంటూరు మిర్చికి చేయగలిగింది విజయవాడ పప్పుకు, నున్న మామిడికి, చుట్టుపక్కల చిన్న పరిశ్రమల సరుకుకు ఎందుకు చేయలేరు?

పార్సిల్ సౌకర్యం ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది. రైలు చివరి పెట్టెలో కొంత చోటు. అందులోనూ చాలా భాగం లీజుదారుల చేతిలో ఉంటుంది. రైలు ఆగే పది పదిహేను నిమిషాల్లో, జనం ఎక్కి దిగే ప్లాట్‌ఫాం మీదే, తోపుడుబండి మీద సరుకు తెచ్చి ఎక్కించాలి. వేళ దాటితే బస్తాలు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతాయి. పండు అయితే కుళ్లుతుంది. పది బస్తాల వ్యాపారి ఒకసారి నష్టపోయాక మళ్లీ అటు వెళ్లడు.

2. ముఠా కార్మికుల పని పగలూ రాత్రీ తేడా లేనిదైంది. వ్యాగన్లు విడివిడిగా వచ్చే రోజుల్లో పని కొంచెం కొంచెంగా, రోజూ ఉండేది. ఇప్పుడు రేకు వస్తే ఒక్కపెట్టున రావాలి. ఇచ్చిన గంటల్లో ఖాళీ చేయకపోతే డెమరేజీ అనే ఆలస్య రుసుము పడుతుంది కాబట్టి అర్ధరాత్రి రేకు వచ్చినా అర్ధరాత్రే దించాలి. రేకు రాని రోజు కూలి లేదు. సిమెంటు రేకు దించి వచ్చిన మనిషిని దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది. కనుబొమల మీద, ముక్కు లోపల, మెడ మీద గుడ్డ చుట్టిన అంచున బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. నీళ్లు దొరికేదాకా అది చెమటతో కలిసి చర్మాన్ని కొరుకుతూనే ఉంటుంది. ఎరువుల రేకైతే కళ్లు మంటలు. వీళ్లు రైల్వే ఉద్యోగులు కారు, కాబట్టి రైల్వే లెక్కల్లో లేరు. వ్యాపారి ఉద్యోగులూ కారు. ఎవరి మనుషులూ కానివాళ్లకు గూడ్సు షెడ్డులో స్నానానికి నీళ్లు, కూర్చునే నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం ఎవరి బాధ్యతో తేలడం లేదు.

3. యార్డు నగరాన్ని రెండు ముక్కలు చేసింది. ఒక పక్క తారాపేట, వించిపేట, చిట్టినగర్. మరో పక్క గాంధీనగర్, సత్యనారాయణపురం, అజిత్‌సింగ్ నగర్. రెండింటి మధ్య పట్టాలు. నేరుగా చూస్తే దూరం కొద్దిపాటిదే. నడిచి దాటే దారి లేక చుట్టూ తిరగాలి. లోబ్రిడ్జి కింద వాన నీళ్లు నిలిచిన రోజు ఆ చుట్టు కూడా మూతపడుతుంది. పసిపిల్లలను చంకన వేసుకుని, బడి సంచులతో, కూరగాయల బుట్టలతో జనం పట్టాలు దాటుతుంటారు. అది రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరమని బోర్డులు పెట్టారు. చట్టం సరైనదే. కానీ మామూలు దారి చూపకుండా జరిమానా ఒక్కటే చూపిస్తే ప్రాణాలు దక్కవు. వ్యాగన్లు ఏరి కూర్చిన రోజుల్లో, ఏ వ్యాగన్ ఎటు దొర్లుతుందో తెలియని కాలంలో జనాన్ని దూరం పెట్టడంలో అర్థం ఉంది. యార్డు వాడకం మారాక కూడా గోడలు మాత్రం అలాగే ఉండడం సరికాదు.

4. బుడమేరు వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నగరం వెలుపలి రాయనపాడు స్టేషన్ మునిగింది. వందల రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. ఆ వరదకు రైల్వే కట్టలు కారణమని నేను అనడం లేదు. బుడమేరు గట్లు తెగాయి, దాని పొలిమేరలు ఇరుకయ్యాయి, ఆ కథ పెద్దది. కానీ నగరం నడుమ ఎత్తుగా సాగే కట్టల కింద నీళ్లు పోయే తూములు ఎన్ని, వాటి వెడల్పు ఎంత, అందులో పూడిక ఎప్పుడు తీశారు అన్నది ఆ పేటల జనానికి తెలియాలి. కొత్తగా మూడో లైను కోసం, కొత్త షెడ్ల కోసం మట్టి పోసి నేల ఎత్తు పెంచేటప్పుడు నీళ్లు ఎటు మళ్లుతాయో ముందుగా చూపించాలి. రైల్వే హద్దు లోపల రైల్వే మురుగు కాలువ, బయట కార్పొరేషన్ కాలువ, రెండూ కలిసే చోట ఎవరూ పూడిక తీయరు. నడుములోతు నీళ్లలో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచిన తల్లికి ఆ హద్దులతో పని లేదు.

5. దగ్గరి ఊళ్ల ప్రయాణికులు. తెనాలి, గుడివాడ, ఏలూరు, గుంటూరు, మచిలీపట్నం నుంచి రోజూ వచ్చి పనిచేసి వెళ్లేవాళ్ల రైళ్లు స్టేషను బయటి సిగ్నల్ దగ్గర, అంటే ఔటర్‌లో నిలబడతాయి. దూరపు రైలుకు దారి ఇవ్వాలి కాబట్టి. కొట్లో గుమాస్తా పది నిమిషాలు ఆలస్యమైతే యజమాని ఊరుకోవచ్చు. అరగంట, ముప్పావుగంట రోజూ ఊరుకోడు. కోవిడ్ తర్వాత ఈ రైళ్లనే ఎక్స్‌ప్రెస్ ప్రత్యేక రైళ్లన్నారు, పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి తగ్గించారు. సంతోషం. చార్జీ తగ్గింది కానీ ఔటర్‌లో ఆగడం తగ్గలేదు. ఇంకో సంగతి. ఇంజన్ మార్చే పని తప్పించుకోవడానికి కొన్ని దూరపు రైళ్లను విజయవాడ స్టేషనులోకి రానీయకుండా రాయనపాడు మీదుగా దాటిస్తున్నారు. యార్డుకు అది ఊరటే. కానీ సామానుతో, ముసలివాళ్లతో నగరం వెలుపల దిగినవాళ్లు ఆటోకు ఎంత అడిగితే అంత ఇచ్చుకుంటున్నారు. రైలు దిగిన చోట బస్సు ఉండాలన్న ఆలోచన ముందే చేయాల్సింది.

ఇక ఇళ్ల సంగతి. రాజరాజేశ్వరిపేటలో రైల్వే స్థలంలో దశాబ్దాలుగా కాపురాలుంటున్న కుటుంబాలకు ఇంటి మీద హక్కు కాగితం లేదు. ప్రతి ఎన్నికలప్పుడూ ఆ మాట వస్తుంది. యార్డు కొత్త పటం గీసే ముందు ఈ సమస్యను రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కూర్చుని తేల్చాలి. స్థలానికి బదులు స్థలం ఇచ్చో, మరో విధంగానో తేల్చండి. కానీ ఆ కుటుంబాలను తెల్లవారేసరికి బుల్‌డోజర్ ముందు నిలబెట్టే పరిస్థితి రాకూడదు.

రైల్వే స్థలం వాడకం మారడం మా ఊరికి కొత్త కాదు. సత్యనారాయణపురం మీదుగా పోయిన పాత రైలు మార్గాన్ని తీసేశాక వచ్చినదే నేటి బీఆర్‌టీఎస్ రోడ్డు. ఇళ్ల మధ్య గేట్ల దగ్గర పడిగాపులు తప్పాయి. నగరానికి వెడల్పైన రోడ్డు దక్కింది. దాన్ని మంచి నిర్ణయమనే అంటాను. అయితే నడుమ బస్సుల కోసమే వేరుగా వేసిన దారి అనుకున్నట్టు బస్సులకు దక్కలేదు. ఏ అవసరం చెప్పి స్థలం మార్చారో ఆ అవసరం తీరుతోందా అని తర్వాత అడిగేవాళ్లు, జవాబు చెప్పేవాళ్లు ఉండాలి. యార్డు విషయంలో మాకు ఆ జవాబుదారీ ముందే రాతపూర్వకంగా కావాలి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, నిర్ణయాల వేళ ఇదే. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజన్ అందులో చేరింది. 2003లో గుంటూరు డివిజన్ వేరయింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న విశాఖలో శంకుస్థాపన జరిగింది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం అమరావతి మీదుగా ఎర్రుపాలెం నుంచి నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గానికి ఆమోదం తెలిపింది. కృష్ణ మీద మూడు కిలోమీటర్లకు పైగా వంతెనతో వచ్చే ఆ మార్గం పూర్తయితే హైదరాబాదు వైపు నుంచి గుంటూరు వైపు వెళ్లే బండి విజయవాడ యార్డును తాకకుండానే పోగలదు. విజయవాడ, గూడూరు మధ్య సుమారు 288 కిలోమీటర్ల మూడో లైను కూడా మంజూరై పనులు సాగాయి. అంటే రాబోయే ఏళ్లలో యార్డు మీద కొంత ఒత్తిడి తగ్గుతుంది. అలా మిగిలే చోటును, వేళను ఎవరికి ఇస్తారన్నదే మా ప్రశ్న.

మరో పక్క, 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం సరుకు టెర్మినళ్ల కోసం రైల్వే స్థలాలను 35 ఏళ్ల వరకు లీజుకు ఇచ్చేందుకు, ఏటా కట్టే రుసుమును స్థలం మార్కెట్ విలువలో 6 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించేందుకు ఆమోదించింది. అయిదేళ్లలో 300 గతిశక్తి కార్గో టెర్మినళ్లు లక్ష్యమన్నారు. జాతీయ రైలు ప్రణాళిక సరుకు రవాణాలో రైళ్ల వాటాను 27 శాతం నుంచి 2030 నాటికి 45 శాతానికి పెంచాలంటోంది. బొగ్గు, ఇనుము, సిమెంటు ఇప్పటికే రైలెక్కాయి. వాటా పెరగాలంటే రోడ్డు మీద పోతున్న మామూలు సరుకు రైలెక్కాలి. ప్రజల స్థలాన్ని నాలుగో వంతు రుసుముకు ఇస్తున్నప్పుడు అందులో ప్రజల సరుకు ఎక్కేలా షరతు పెట్టడం ధర్మం.

మా కోరికలు ఇవి.

1. విజయవాడ యార్డు పూర్తి పటాన్ని, ఏ లైను ఇప్పుడు దేనికి వాడుతున్నారో, రాబోయే పదేళ్లలో దేనికి వాడదలచారో తెలుగులో ప్రకటించండి. ఇది మీరు మాకు చేసే ఉపకారం కాదు. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలు తీసుకునేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అడగకుండానే ప్రచురించాలని సమాచార హక్కు చట్టం 2005, 4వ సెక్షన్ చెబుతోంది.

2. విజయవాడ పరిధిలో చిన్న సరుకు టెర్మినల్ ఒకటి ఏర్పాటు చేయండి. ప్రయాణికుల ప్లాట్‌ఫాంకు సంబంధం లేని లైను, కప్పున్న గట్టు, తూకం యంత్రం, లారీ తిరగడానికి చోటు ఉంటే చాలు. వారంలో నిర్ణీతమైన రోజుల్లో, నిర్ణీత వేళకు, కొన్ని ముఖ్య నగరాలకు పార్సిల్ రైలు నడపండి. ఒక్క బస్తా తెచ్చినవాడికీ చోటు అమ్మండి. రైలు నిండినా నిండకపోయినా కొంతకాలం వేళ తప్పకుండా నడిపితేనే వ్యాపారికి నమ్మకం కుదురుతుంది. రెండు వారాలు నడిపి, సరుకు రాలేదని ఆపేస్తే అది ప్రయత్నం అనిపించుకోదు. టెర్మినల్‌ను ప్రైవేటు వారికి లీజుకిస్తే, సామర్థ్యంలో కొంత భాగం చిన్న వ్యాపారులకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రకటించిన ధరకే ఇవ్వాలని ఒప్పందంలో రాయండి.

3. గూడ్సు షెడ్లలో ముఠా కార్మికులకు తాగునీరు, స్నానపు గదులు, ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు, రాత్రి వెలుతురు, ప్రథమ చికిత్స ఏర్పాటు చేయండి. కార్మిక శాఖతో కలిసి అక్కడికక్కడే అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు శిబిరాలు పెట్టండి. సిమెంటు, ఎరువులు దించేవాళ్లకు ముక్కుకు, కళ్లకు రక్షణ సామగ్రి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో టెండరు పత్రంలోనే తేల్చండి.

4. వన్‌టౌన్ వైపు నుంచి అజిత్‌సింగ్ నగర్ వైపుకు యార్డు మీదుగా కాలినడక వంతెనలు కట్టండి. స్టేషన్ వంతెనలా ప్లాట్‌ఫాం టికెట్టు అడగనివి కావాలి. ముసలివాళ్లు, సైకిలు నెట్టుకొచ్చేవాళ్లు ఎక్కగలిగేలా మెట్లకు బదులు వాలు దారి ఉండాలి. ఎక్కడ కట్టాలో తెలియాలంటే జనం ఇప్పుడు ఎక్కడ దాటుతున్నారో ఒక వారం నిలబడి చూస్తే చాలు.

5. రైల్వే కట్టల కింద తూములన్నింటినీ రైల్వే, నగర పాలక సంస్థ, నీటిపారుదల శాఖ కలిసి తనిఖీ చేసి, వివరాలు వచ్చే వానాకాలం ముందే బయటపెట్టండి. యార్డులో ఎక్కడ మట్టి పోసి ఎత్తు పెంచినా, ఆ నీళ్లు ఎటు పోతాయో చూపే పటం పక్కనే ఉండాలి.

6. కొత్త మార్గాల వల్ల యార్డులో మిగిలే వేళలను ముందు దగ్గరి ఊళ్ల ప్యాసింజర్, మెమూ రైళ్లకు కేటాయించండి. ఉదయం నగరంలోకి వచ్చే, సాయంత్రం తిరిగి వెళ్లే రైళ్లు ఔటర్‌లో ఎంతసేపు ఆగాయో నెలనెలా ప్రకటించండి. రాయనపాడులో రైళ్లు ఆగే వేళలకు ఆర్టీసీ బస్సులు నడిచేలా చూడండి.

7. పాత యార్డు పటాలు, కేబిన్ల లీవర్లు, సిగ్నళ్లు, వ్యాగన్ సీళ్లు, లేబుళ్లు, రిజిస్టర్లు మిగిలినవేమైనా ఉంటే తుక్కు కింద అమ్మకండి. విజయవాడ స్టేషన్ సంకేతం నేటికీ బెజవాడ పేరుతో బీజెడ్‌ఏ అనే ఉంది. ఆ కాలంలో పనిచేసిన షంటింగ్ సిబ్బంది, పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఎక్కువ ఖర్చు కాదు.

వీటిలో డబ్బు ఎక్కువ కావలసినవి రెండవ, నాలుగవ కోరికలు. మిగిలినవి నిర్ణయం తీసుకుంటే అయ్యేవి. అన్నీ ఒకేసారి చేయమని పట్టుబట్టం. మొదటి కోరిక మాత్రం వాయిదా వేయకండి. పటం చూడనిదే మేం దేనినీ సరిగా అడగలేం, మీరు కాదన్నది ఎందుకు కాదన్నారో అర్థం చేసుకోలేం.

మూడు నెలల్లోగా వ్యాపారులు, ముఠా కార్మికులు, పేటల జనం, నెలవారీ పాసుల ప్రయాణికులు అందరితో ఒక బహిరంగ సమావేశం పెట్టండి. వన్‌టౌన్‌లోనే పెట్టండి. సాయంత్రం కాకుండా మధ్యాహ్నం వేళ పెడితే ముఠా కార్మికులు రాగలరు. రేకు ఉన్న రోజు మాత్రం వద్దు, ఆ రోజు వాళ్లకు కూలి ఉంటుంది. తేదీ వారం ముందు చెబితే మేమే వీధి వీధీ తిరిగి అందరికీ తెలియజేస్తాం.

ఇట్లు,
విజయవాడ వన్‌టౌన్ చిన్న వ్యాపారి ఒకరు